తాళం రాని బండి

సాయంత్రం ఐదు గంటలకు పెద్దసారు ప్రమాద నివేదిక మీద సంతకం పెడతారు. ఆ సంతకం పడిందంటే, ఇరవై ఆరేళ్లుగా పోలీసు బండి తోలుతున్న మనిషి సొంత బావను బండితో గుద్ది చంపినవాడై జైలుకు పోతాడు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ ఆ నివేదికను మూడోసారి చదివి, మూడోసారీ బల్ల మీదికి విసిరికొట్టింది. ఆమెకు కోపం కొత్త కాదు. డిపార్టుమెంటులో వెనకాల ఆమెను మిరపకాయ అంటారు, ఆ సంగతి ఆమెకు తెలుసని కూడా అందరికీ తెలుసు. కానీ ఇవాళ్టి కోపం వేరు. నాలుగు పేజీల్లో ఎక్కడ వెతికినా ఒక్క అబద్ధం చేతికి చిక్కడం లేదు. అయినా మొత్తం అబద్ధమేనని మనసు ఘోషిస్తోంది. అలాంటప్పుడు అరికాలి మంట నెత్తికెక్కదా మరి.

రాసింది పోలీసు డ్రైవింగ్ స్కూలు పెద్ద మాస్టారు. డిపార్టుమెంటులో స్టీరింగ్ పట్టిన ప్రతివాడూ ఆయన శిష్యుడే, ఇన్‌స్పెక్టర్‌తో సహా. ఆయన లెక్క ప్రకారం జరిగింది ఇది. నిన్న ఉదయం ఆరూ నలభై ఒకటికి మోటారు యార్డులో ఏడో నంబరు పెట్రోలింగ్ కారు వాలు మీద నుంచి దూసుకొచ్చి, కింద గోడ దగ్గర పని చేసుకుంటున్న హెడ్ మెకానిక్ మేస్త్రిని గోడకేసి నొక్కేసింది. మేస్త్రి అక్కడికక్కడే పోయాడు. ఆ కారు రెండు నెలల కిందట వచ్చిన ఆటోమేటిక్ బండ్లలో ఒకటి. వాటికి క్లచ్ ఉండదు, రెండే పెడళ్లు. ఆరున్నరకు ఆ బండి తాళం తీసుకుంటూ పుస్తకంలో సంతకం పెట్టింది డ్రైవరు బాబాయ్. గేర్ల బండికి అలవాటుపడ్డ ఎడమ కాలు క్లచ్ అనుకుని బ్రేకును తొక్కేసింది. ఆ కుదుపుకు కంగారుపడి కుడికాలు యాక్సిలరేటర్‌ను అదిమేసింది. గుద్దాక, పాత అలవాటు కొద్దీ లివరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజన్ ఆపి, భయంతో తాళం బండికే వదిలేసి పారిపోయాడు. చివర్న ఒక సలహా కూడా ఉంది. మనుషుల్ని మింగే ఈ ఆటోమేటిక్ బండ్లను తక్షణం తిప్పి పంపాలట.

'భయంతో' అన్న మాట కింద ఇన్‌స్పెక్టర్ ఎర్ర గీత గీసింది. న్యూట్రల్ వేశాడు, హ్యాండ్‌బ్రేక్ లాగాడు, ఇంజన్ ఆపాడు. ఇంత తీరిగ్గా అన్నీ చేసినవాడికి సరిగ్గా తాళం దగ్గరకొచ్చేసరికి భయం పుట్టుకొచ్చిందా? భయపడ్డవాడైతే ఇంజన్ కూడా ఆపకుండా పరిగెత్తేవాడు.

ఆమె లేచి పక్క గదిలోకి వెళ్లింది.

బాబాయ్ అన్నది అతని పేరు కాదు. యార్డులో చిన్నా పెద్దా అందరూ అలాగే పిలుస్తారు. మేస్త్రి అతనికి అక్క మొగుడు. పాతికేళ్లుగా బావ బండి బాగుచేస్తే బావమరిది తోలాడు. నిన్నటి నుంచి అతను ఒకే మాట మీద ఉన్నాడు. తాళం తీసుకున్నాడట, టైర్లలో గాలి చూడాలని బావ అంటే మళ్లీ తాళాల చెక్క మీద తగిలించేశాడట, బాత్రూంలోకి వెళ్లాడట, చప్పుడు విని బయటికి వచ్చేసరికి అంతా అయిపోయిందట. తాళాలన్నీ గేటు పక్క చెక్క మీద మేకులకు వేలాడుతుంటాయి కాబట్టి అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టాల్సింది బాత్రూం సంగతి.

ఆరూ ముప్పై అయిదు నుంచి ఆరూ నలభై రెండు దాకా లోపల ఏం చేశావని అడిగింది. అతను నేల చూపులు చూశాడు. ఎవరైనా చూశారా అంటే లేదన్నాడు. తలుపు గడియ ఎందుకు పెట్టుకున్నావు, ఆ బాత్రూంకి ఎవరూ గడియ పెట్టరు కదా అంటే నీళ్లు నమిలాడు. ఇన్‌స్పెక్టర్ సహనం అక్కడితో సరి.

"మీ అక్క నీ మొహం చూడనంది. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నావే. ఐదింటికి సంతకం పడుతుంది. ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా వినే దిక్కుండదు."

అతను కుర్చీలో కదిలాడు. అప్పుడు చూసింది ఆమె. కుడికాలు మడిచి పెట్టుకున్నాడు. ఎడమకాలు మాత్రం ముందుకు చాపి ఉంది. నిన్నా అలాగే చాపుకుని కూర్చున్నాడు. ఇందాక వరండా మెట్లు ఎక్కినప్పుడు ప్రతి మెట్టు మీదా కుడికాలే ముందు వేశాడు. అప్పుడు కంటికి ఆనని విషయం ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ కాలు మడవమంది. అతను మడవలేదు. ప్యాంటు పైకి లాగమంది. లాగాడు. మోకాలు రెండింతలు వాచి ఉంది, దాని చుట్టూ సాగే పట్టీ బిగించి ఉంది. ఇరవై ఆరేళ్లు ట్రాఫిక్‌లో, కాన్వాయిల వెనక, రోజుకు వెయ్యిసార్లు క్లచ్ తొక్కీ తొక్కీ కీలు అరిగిపోయిందని బయటి డాక్టరు చెప్పాడట. ఏడాది నుంచి ఆ కాలితో గట్టిగా దేన్నీ తొక్కలేడు. ఆటోమేటిక్ బండ్లు రాగానే మేస్త్రి పట్టుబట్టి ఏడో నంబరు అతని పేరు మీద వేయించాడు. రోజూ డ్యూటీ ఎక్కే ముందు బాత్రూంలో గడియ పెట్టుకుని పట్టీ బిగించుకుంటాడు, దానికే ఆ ఏడు నిమిషాలు.

ఎడమకాలితో బ్రేకు తొక్కడమే నేరానికి ఆధారం. ఈ మనిషికి ఆ కాలే లేదు.

"ఇది నిన్ననే చెప్పి ఉంటే అరగంటలో ఇంటికి పోయేవాడివి. బుద్ధుందా నీకు?"

"చెప్తే మెడికల్ బోర్డుకు పంపుతారు మేడమ్. అన్‌ఫిట్ అంటారు. గేటు దగ్గర స్టూలేసి కూర్చోబెడతారు." అతను ప్యాంటు కిందికి దించుకున్నాడు. "జైల్లో ఉన్నా నేను డ్రైవర్నే. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటే కుంటోణ్ణి. మీ కాళ్లు పట్టుకుంటాను, ఇది రాయకండి."

ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది. ఆ మోకాలిని ఇరవై ఆరేళ్లు వాడుకుని, అరిగిందని తెలిస్తే స్టూలు చూపించే డిపార్టుమెంటును కూడా కొట్టాలనిపించింది. రాయనని మాటివ్వలేదు. వేరే దారి దొరికితే రాయను, దొరక్కపోతే ఐదింటికి రెండు నిమిషాల ముందు రాస్తాను, తిట్టుకుంటావో మొక్కుకుంటావో నీ ఇష్టం అని చెప్పి, అతన్ని వెంటబెట్టుకుని యార్డుకు బయల్దేరింది. అప్పటికి మూడూ ముప్పై అయిదు.

యార్డు సిమెంటు నేల పైన గేటు దగ్గర ఎత్తుగా మొదలై కింద గోడ దాకా వాలుగా ఉంటుంది. ఏడో నంబరు ఇంకా గోడ దగ్గరే ఉంది, చుట్టూ తాడు కట్టి ఉంది. బాబాయ్ అటు చూడలేదు. ఇన్‌స్పెక్టర్ పై నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ దిగింది. పదకొండో అడుగు దగ్గర రెండు నల్లటి టైరు గీతలు, మూరెడు పొడవున. మళ్లీ పంతొమ్మిదో అడుగు దగ్గర ఇంకో జత. రెండు చోట్లా బండిని ఎవరో ఉన్నపళంగా తొక్కి ఆపారు, వెంటనే మళ్లీ పరిగెత్తించారు. మాస్టారు ఒక్కసారి అని రాశారు. పొరపాటున ఒకసారి తొక్కినవాడు రెండోసారి తొక్కుతాడా? తొక్కుతాడు. వేగం అందుకున్న ప్రతిసారీ గేరు మార్చాలని కాలు దానంతటదే లేస్తే తొక్కుతాడు. అది కంగారు కాదు, ముప్పై ఏళ్ల అలవాటు.

అదే రకం బండి తొమ్మిదో నంబరు పైన గేటు దగ్గర ఖాళీగా ఉంది. ఆమె ఇంతవరకు ఆటోమేటిక్ నడిపి ఎరగదు. ఎక్కి, బాబాయ్ చెప్పినట్టు బ్రేకు తొక్కి లివరును పార్కింగ్ గుర్తు పీ నుంచి డ్రైవ్ గుర్తు డీకి లాగి, నాలుగు గజాలు పోనిచ్చి ఆపింది. ఆగగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. న్యూట్రల్. హ్యాండ్‌బ్రేక్. ఇంజన్ ఆఫ్. ఇరవై ఏళ్ల కిందట మోకాలి మీద స్టీలు స్కేలుతో కొట్టి మాస్టారు నేర్పిన వరస అది. తాళం లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. తిప్పి లాగింది. తిట్టి లాగింది. ఊహూ.

నిన్నటి నుంచి మొదటిసారి బాబాయ్ మొహంలో నవ్వులాంటిది కదిలింది. లివరును పీలో పెడితే తప్ప ఈ బండి తాళం వదలదని, మొదటిసారి ఎక్కిన ప్రతివాడికీ ఇదే గతి పడుతుందని చెప్పాడు. వర్క్‌షాపు గోడ మీద సుద్దముక్కతో రాసిన జాబితా చూపించాడు. 'తాళం అడిగినవాళ్లు' అని పైన మేస్త్రి గుండ్రటి రాత. కింద ముప్పై మూడు పేర్లు. మొదటి పేరు బాబాయిదే. తాళం ఇరుక్కుపోయి కేకేసినప్పుడల్లా మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి, లివరు మీద ఒక్క పోటు పొడిచి, తాళం తీసి చేతిలో పెట్టి, అందరికీ టీ నువ్వే తాగించాలి అనేవాడట. యార్డులోని డ్రైవర్లంతా ఆ గోడెక్కారు. ఎక్కనిది ఒక్కరే. మాస్టారు ఆ బండ్లను ముట్టుకోనని అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నారు. పక్కన కూర్చుని ట్రైనీలను పోనిమ్మని, బండి ఆగగానే దిగిపోయేవారే తప్ప, తాను డ్రైవరు సీట్లో కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ గబగబా కిందికి దిగి ఏడో నంబరులోకి వంగి చూసింది. చేతి తొడుగు వేసుకుని తాళాన్ని కదిపింది. దాని మెడ పక్కకు వంగిపోయి ఉంది. ఎవరో బలంకొద్దీ పీకారు.

అంటే హంతకుడు తాళాన్ని వదిలి పారిపోలేదు. తాళమే అతన్ని పోనివ్వలేదు. తీసుకెళ్లి చెక్క మీద తగిలించేసి ఉంటే, మనిషి లేని బండి దానంతటదే దొర్లి చంపేసిందని అందరూ నమ్మేవారు, ఆటోమేటిక్ పీడా అలాగే వదిలేది. తాళం రాకపోయేసరికి బాబాయ్ మెడకు చుట్టాల్సి వచ్చింది. గోడ మీదున్న ముప్పై మూడు మందిలో ఎవడైనా సరే తాళం తీసుకుపోయేవాడు. ఇది మొదటిసారి ఎక్కినవాడి పని.

మరి మేస్త్రి మీద అంత కక్ష దేనికి? మేస్త్రి పనిముట్ల పెట్టె అతను చనిపోయిన చోటే, గోడ పక్కన, నిన్నటి నుంచి ఎవరూ తెరవకుండా ఉంది. ఆమె తెరిచింది. అడుగున గుడ్డలో చుట్టిన హ్యాండ్‌బ్రేక్ తీగ దొరికింది. పోగులు సాగి, ఒకచోట సగం తెగి ఉంది. దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద అదే గుండ్రటి రాత. మూడో నంబరు బండి అని, నెల కిందటి తేదీ, 'గేర్‌బాక్స్‌లో లోపం లేదు. రేపు పది గంటలకు కమిటీకి చూపించాలి' అని.

ఆ తేదీ డిపార్టుమెంటులో ఎవరూ మరిచిపోలేదు. డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరిన ట్రైనీ కానిస్టేబుల్ ఒకడు మలుపులో ఆ ఆటోమేటిక్ బండి గిర్రున తిరిగి చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. పక్కసీట్లో ఉండి గీతలతో బయటపడ్డది మాస్టారు. గేర్‌బాక్స్ దానంతటదే మారిపోయిందని ఆయనే చెప్పారు. ఆటోమేటిక్ బండ్లు ఉంచాలా పంపాలా అని తేల్చడానికి నిన్న పది గంటలకు కమిటీ కూర్చోవాల్సింది. మేస్త్రి అక్కడ ఏదో చూపిస్తానన్నాడని మాస్టారితో సహా అందరికీ తెలుసు. అతను పోయాడని వాయిదా వేశారు.

శిష్యుడు తప్పు చేస్తే మాస్టారికి ఒళ్లు తెలీదు. నడుస్తున్న బండిలో హ్యాండ్‌బ్రేక్ గుంజి బుద్ధి చెప్పడం ఆయనకు పాత అలవాటు. ఇన్‌స్పెక్టర్‌ను కూడా అలా రెండుసార్లు అద్దానికేసి కొట్టించారు. మలుపులో, వేగంగా పోతున్న బండిలో ఆయన ఆ తీగ తెగేలా గుంజితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. ఇన్‌స్పెక్టర్ తీగను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుంది.

ఇంతా చేసి ఇందులో ఏదీ కోర్టులో నిలవదు. తీగ ఒక చావుకు సాక్ష్యం, రెండో చావుకు కాదు. గోడ మీద పేరు లేకపోవడం నేరమూ కాదు. ఆమె పెద్దసారుకు ఫోన్ చేసి, సంతకం పెట్టబోయే ముందు నాలుగున్నరకు ఒక్కసారి యార్డుకు రావాలని, నివేదిక రాసిన నిపుణుణ్ణి కూడా రమ్మనాలని అడిగింది. పెద్దసారు విసుక్కున్నారు. విసుక్కుంటూనే సరే అన్నారు.

మాస్టారు నాలుగూ పదిహేనుకే తన పాత గేర్ల జీపులో వచ్చేశారు. అరవైకి దగ్గరపడ్డా నిటారుగా ఉంటారు. దిగగానే బాబాయ్‌ని చూసి మొహం చిట్లించారు.

"వీణ్ణి బయట తిప్పుతున్నావేంటమ్మాయ్? లాకప్పుల్లో చోటు లేదా?"

"మీ నివేదికలో చిన్న అనుమానం ఉంది మాస్టారూ. తీర్చుకుందామని."

"నా నివేదికలో నీకు అనుమానమా?" అంటూ నవ్వారాయన. సెకండ్ గేరు వెయ్యడానికి నెల రోజులు ఏడ్చిన పిల్ల ఇవాళ తనకు పాఠం చెబుతోందని చుట్టూ చేరిన డ్రైవర్లకు వినబడేలా అన్నారు. డ్రైవర్లు నవ్వలేదు. ఇన్‌స్పెక్టర్ పళ్లు బిగబట్టింది. ఆటోమేటిక్ మీద మీకు అంత నమ్మకంగా ఎలా తెలుసు, ఎప్పుడైనా నడిపారా అని మాత్రం అడిగింది.

"ఛీ, వాటినా? గేరు మార్చడం చేతకానివాడికి కదా అవి. పోలీసువాడికి బండి చేతిలో ఉండాలి, బండి చేతిలో పోలీసువాడు కాదు. నా జన్మలో దాని డ్రైవరు సీట్లో కూర్చోలేదు, కూర్చోను."

ఆ ముక్క రాసి సంతకం పెట్టమంది. ఆయన పొగరుగా పెట్టి కాగితం ఆమె మొహం మీదికి చాపారు. మేస్త్రి మిమ్మల్ని కమిటీ ముందు ఏదో అడగబోయాడటగా అని ఆమె అంటే, ఆ నూనె గుడ్డల వాడి మాటకు విలువేమిటి, చచ్చిపోయాడని ఇప్పుడు వాణ్ణి నెత్తిన పెట్టుకుంటారా అన్నారు. బాబాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి అడ్డుపెట్టి ఆపింది. ఆపడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

పెద్దసారు నాలుగూ ముప్పై అయిదుకు వచ్చారు, చేతి గడియారం చూసుకుంటూ. ఆమె సూటిగా విషయంలోకి వచ్చింది. రెండు జతల టైరు గీతలు చూపించి, కంగారులో ఇది ఎలా సాధ్యమో తనకు బోధపడలేదని, మాస్టారు తొమ్మిదో నంబరులో నిదానంగా ఒకసారి చేసి చూపిస్తే మారుమాట లేకుండా ఫైలు మీద తానే ముందు సంతకం పెడతానని చెప్పింది. మాస్టారు ఒట్టు సంగతి గుర్తుచేశారు. పెద్దసారుకు ఒట్లు వినే ఓపిక లేదు.

"పది అడుగుల పని మాస్టారూ. కానివ్వండి, నాకు ఐదింటికి మీటింగు ఉంది."

ఇన్‌స్పెక్టర్ తాళం అందించింది. ఇప్పుడు ఆమె దగ్గరున్నది ఒకే ఒక్క పందెం. ఆయన చేతిలో తాళం ఇరుక్కుపోతే ఆయన నిజంగానే కొత్తవాడు, ఆమె చెయ్యగలిగింది బాబాయ్ మోకాలు అందరి ముందూ విప్పడమే. కానీ తనను ఓడించిన తాళం సంగతి తెలుసుకోకుండా నిన్న రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదని ఆమె నమ్మకం. ఓటమి భరించలేని మనిషి ఆయన.

మాస్టారు ఎక్కారు. ఎడమకాలిని సీటు కిందికి ముడుచుకున్నారు, జాగ్రత్తగా. బండి మెత్తగా కదిలింది. పది అడుగులు పోనిచ్చి, ఇదిగో ఇక్కడ తొక్కాడు అని కిటికీలోంచి చెబుతూ ఆపారు. ఇన్‌స్పెక్టర్ బండి ముందుకు వచ్చి నిలబడింది. నోరు మాట చెబుతుండగానే ఆయన లివరును ముందుకు నెట్టి పీలో పెట్టారు, ఇంజన్ ఆపారు, తాళం తీసి పైకెత్తి చూపించారు. తడుముకోలేదు, చూసుకోలేదు.

ముప్పై మూడు మంది డ్రైవర్లలో అక్కడున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దసారుకు మాత్రమే ఏమీ అర్థం కాలేదు.

"మొదటిసారి ఎక్కినవాడికి ఆ తాళం రాదు మాస్టారూ," అంది ఇన్‌స్పెక్టర్. "నాకు రాలేదు. వీళ్లెవరికీ రాలేదు. రెండోసారి ఎక్కినవాడికే వస్తుంది."

మాస్టారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పుస్తకంలో చదివానన్నారు. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. తాళాల చెక్క పక్కన అంటించి ఉన్న కాగితాన్ని తెచ్చి పెద్దసారు చేతిలో పెట్టింది. ఆటోమేటిక్ బండ్లకు సూచనలు, రెండు నెలల కిందట మాస్టారి సంతకంతో వచ్చినవి. నాలుగో సూచన: బండి ఆపిన పిమ్మట న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, ఇంజన్ ఆఫ్ చేసి తాళం తీసుకొనవలెను.

"పుస్తకం అప్పుడే చదివుంటే ఇలా రాసేవారు కాదు. నిన్నటి నివేదికలో డ్రైవరు భయపడి తాళం వదిలేశాడని కూడా రాసేవారు కాదు. అది ఎందుకు రాలేదో మీకు నిన్న రాసేదాకా తెలీదు. తర్వాత తెలుసుకున్నారు. ఎందుకు తెలుసుకోవాల్సి వచ్చింది?"

ఆయన ఎవరో చెప్పారన్నారు. ఎవరో చెప్పమంటే తాళం పట్టుకున్న చెయ్యి కిందికి దించారు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి గుడ్డ తీసి విప్పింది. సాగిపోయిన తీగ ఎండలో వేలాడింది, దారానికి మేస్త్రి అట్టముక్క ఊగింది.

"పంతొమ్మిదేళ్ల పిల్లాడు మాస్టారూ. ఏం తప్పు చేశాడని గుంజారు దీన్ని?"

తాళం మళ్లీ లోపలికి దిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇంజన్ అందుకుంది. ఇన్‌స్పెక్టర్ మళ్లీ బండికి ఎదురుగా, ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంది, ఆమె వెనక వాలంతా ఖాళీ, కింద అదే గోడ. పక్కకు దూకేంత టైము లేదు. బండి ఎగిరి వచ్చింది. అద్దం వెనక మాస్టారి మొహం కందగడ్డలా ఎర్రగా ఉంది. ఇంజన్ గొంతు పెంచింది, ఇంకా పెంచింది, గేరు మార్చాల్సిన చోటుకు వచ్చింది. ఒళ్లు తెలియని కోపంలో ఉన్న మనిషి ఎడమకాలు సీటు కింద నుంచి దానంతటదే లేచింది. ముప్పై ఏళ్లుగా తొక్కినట్టే, నేలకు అంటేదాకా తొక్కింది.

టైర్లు కీచుమన్నాయి. బండి ముక్కు నేలకు వంగింది. మాస్టారు వెళ్లి స్టీరింగ్‌కు గుద్దుకున్నారు. బంపరు ఇన్‌స్పెక్టర్ మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది. సిమెంటు మీద కొత్తగా రెండు నల్లటి గీతలు పడ్డాయి, నిన్నటి గీతలకు పక్కనే, అంతే పొడవున.

బండి ఇంకా డీలోనే ఉంది. ఆ కాలు జారితే మళ్లీ కదులుతుంది. అందరికంటే ముందు పరిగెత్తింది బాబాయ్. పరుగు కాదది, కుడికాలి మీద గెంతుతూ, ఎడమకాలిని ఈడ్చుకుంటూ, ఏడాదిగా ఎవరికీ చూపించనిదంతా చూపించుకుంటూ పోయాడు. కిటికీలోంచి సగం ఒళ్లు లోపలికి దూర్చి లివరును పీలోకి నెట్టాడు, ఇంజన్ ఆపాడు, తాళం పీకాడు. మాస్టారి చొక్కా కాలరు పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నారంతా. కొట్టలేదు. కాలరు వదిలేసి, తలుపుకు ఆనుకుని నిలబడి ఏడ్చాడు.

డ్రైవర్లు మాస్టారిని కిందికి దింపారు. బేడీలు ఇన్‌స్పెక్టరే వేసింది. చేతులకు మించి కోపం ఉండడంతో రెండోది బిగించడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. మీ అక్కకు ఫోన్ చెయ్యి, ముందు ఆ పని చూడు అని బాబాయ్‌తో చెప్పింది. అతను తలూపి, తాళం ఆమె చేతిలో పెట్టి, వర్క్‌షాపులో ఉన్న ఫోను వైపు కుంటుకుంటూ నడిచాడు. దాచుకోవాలని మరిచిపోయాడు. పెద్దసారు ఆ నడకనే చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టర్‌కు విషయం తట్టేసరికి ఆలస్యమైపోయింది. ఏదో ఒకటి చెప్పి చూపు మళ్లించాలని నోరు తెరిచింది. పెద్దసారు ఆమె మాట వినిపించుకోలేదు.

"బాబాయ్, ఆ కాలికేమైంది?"

బాబాయ్ ఆగాడు. యార్డంతా ఆగింది. అతను వెనక్కి తిరిగి తన కాలును చూసుకున్నాడు, తర్వాత గోడ మీద సుద్దరాతను చూశాడు, అందులో మొదటి పేరును. మొహం తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఆటోమేటిక్‌కి ఒక్క కాలు చాలు సార్. మా బావ చెప్పాడు."